నెయ్యి గిన్నె కింది రేకు

నేను ఒక అల్యూమినియం రేకును. ఆ ఆదివారం పొద్దుటి నుంచి ఆ ఇంట్లో నా గురించే గొడవ.

"రేకే గదా, ఏమైతది? నెయ్యి మాడొద్దని గిన్నె కింద పెట్టిన," అంటోంది కౌసల్యమ్మ, నాలుగోసారి.

కోడలు స్వరూప మసి పట్టిన నన్ను ఒళ్లో పెట్టుకుని తుడుస్తోంది.

అరచేతిలో ఇమిడేంత ఉంటాను. పుట్టింది కర్మాగారంలోనే అయినా, నన్ను మనిషిని చేసింది స్వరూప. వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఆమెకు ఉద్యోగం. నలభై రెండో ఏట పీహెచ్‌డీ. గిరగిరా తిరిగే ఉక్కు మేకును నాలోకి దించి, ఆ రాపిడి వేడికి మెత్తబడిన నన్ను, కరగనివ్వకుండా, పప్పుగుత్తితో మెదిపినట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి కలియబెట్టింది. మీరు నమ్మరు గానీ, నాలోపలి ముతక రేణువులన్నీ సన్నబడ్డాయి. దాంతో బలం వచ్చింది, వంచినా పగలని ఓర్పు వచ్చింది. నాకు ముందు ఐదు రేకులు చెడిపోయాయి. మేకు వేగం కుదరక ఒకదాని కడుపులో సొరంగంలా బోలు మిగిలింది.

సోమవారం నన్ను తెగేదాకా లాగి చూసే పరీక్ష. ఆ అంకెలు లేకుండా ఆమె సిద్ధాంత గ్రంథం పూర్తికాదు, గడువు నెలాఖరు. గరుకు కాగితంతో నునుపు చేద్దామని ఇంటికి తెచ్చి, వంటింటి గూట్లో పెట్టింది. అదే ఆమె పొరపాటు.

గంటసేపు మంట మీద ఉన్నాను. రేణువులు ఒకదాన్నొకటి మింగి మళ్లీ లావెక్కాయి; వచ్చిన బలం పోయింది, ఇక పరీక్షకు పనికిరాను. పైకి మాత్రం అదే రేకును.

"ఇగ బంద్ చెయ్యరాదు? ఈ వయసుల ఇదంత అవసరమా?" అన్నాడు భర్త సదానందం, పేపరు దించకుండానే.

స్వరూప చెయ్యి నా మీద ఆగిపోయింది. కౌసల్యమ్మ అది చూసింది.

"ఇంకోటి చెయ్యాల్నంటే ఎన్ని దినాలు పడ్తది?"

"పది, అత్తమ్మా. చీకటి పడేదాంక ల్యాబులనే ఉండాలె. మరి వంట..."

ముసలామె లేచి వంటింట్లోకి వెళ్లింది. మధ్యాహ్నం కొడుకు, కోడలు, ఇంటర్ చదివే మనవరాలు వరుసగా కూర్చున్నాక, స్వరూపకు ఇష్టమని కాచిన ఆ నెయ్యి ముందు ఆమె కంచంలోనే వేస్తూ, మామూలు గొంతుతో చెప్పింది.

"రేపటి సంది పది దినాలు వంట నాది. సదానందం గిన్నెలు తోముతడు. స్వరూప ఇంకో రేకు చేసుకుంటది."

తర్వాత నన్ను తీసి పొయ్యి పక్కన పెట్టుకుంది.

"ఇది నాకుండనియ్ బిడ్డా. కొత్తదాన్ని ముట్టను."