గోడ మీది చెవి

వెర్లీన్ దుప్పటి అంచులు కలిపి, గడ్డం కింద నొక్కిపట్టి, సగానికి మడిచింది. జుట్టు నెరిసేదాకా ఈ లాండ్రీలో జనం బట్టలు మడవడమే ఆమె బతుకు. వేడికి వేలికొసలు నున్నగా అరిగిపోయాయి. ఫిలడెల్ఫియాలోని ఆ వీధిలో అన్నిటికంటే పెద్ద గోడ లాండ్రీదే. దాని బయటివైపు ఇవాళ జోవన్ ముఖం బొమ్మ అతికిస్తున్నారు.

జోవన్ ఒడెస్సా కొడుకు. పదహారేళ్లకు పిల్లల జైల్లో చచ్చిపోయాడు. వెర్లీన్ కొడుకు మార్సెల్ కూడా అదే జైలుకు పోయాడు. చావలేదు, పెద్దల జైలుకు మారాడు. నల్లపిల్లల్ని బోనులో పెట్టిన ఊరు చచ్చినవాడికి గోడ ఇచ్చింది. బతికినవాడికి ఏమిచ్చింది? ఒడెస్సా ఎదురైతే మగాళ్లు టోపీ తీస్తారు. వెర్లీన్ ఎదురైతే "వాడింకా లోపలేనా?" అంటారు. కడుపు మండదా? మండింది.

అందుకే ఆ పని చేసింది. గోడకు అతికించే బొమ్మను ముందు గుడ్డముక్కల మీద గీసి, ఎక్కడ ఏ రంగో అంకెలు వేసి, రంగులెయ్యమని చర్చిలో వీధివాళ్లకు పంచారు. వెర్లీన్‌కు జోవన్ ఎడమ చెవి వచ్చింది. అంకెల్ని లెక్కచెయ్యకుండా, చిన్నప్పుడు కుక్క కొరికి తమ్మె తెగిన మార్సెల్ చెవి వేసేసింది.

మధ్యాహ్నం ఒడెస్సా తలుపు తోసుకొచ్చింది. చేతిలో బట్టల మూట లేదు.

"ఏమే వెర్లీన్, నా కొడుకుని కుక్కెప్పుడు కరిచిందే?"

వెర్లీన్ మడత ఆపలేదు. "నీకు గోడంతా ఉందక్కా. నాకో చెవి కూడా ఉండకూడదా?"

"దొంగమొహందానా." ఒడెస్సా దుప్పటి రెండో కొస అందుకుంది. "ఆదివారం వాడి దగ్గరికి పోతావుగా. ముట్టుకోనిస్తారా?"

"వెళ్లగానే ఓసారి, వచ్చేప్పుడోసారి. కావిలించుకోనిస్తారు."

"రెండుసార్లు." ఒడెస్సా కొస వదలలేదు. "నువ్వు బస్సెక్కుతుంటే ఒళ్లు మండి కిటికీ తెర వేసుకుంటానే నేను."

వెర్లీన్‌కు ఇలాంటిదొకటి తట్టనేలేదు. ఇన్నేళ్లూ కుళ్లు తన సొత్తే అనుకుంది.

"చెరిపించమంటావా అక్కా?"

"ఉండనీ. నేను చూడబోయేదేముంది? కరోలినాలో చెల్లెలింటికి పోతున్నా. కిటికీ తీస్తే మూడంతస్తుల మొహం. పిలిస్తే పలకదు."

కొసలు కలిపి దుప్పటి వెర్లీన్ చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం వెర్లీన్ షట్టర్ దించి బయటికొచ్చేసరికి గోడ కింద ఎవరో కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. ఒడెస్సా కారు లేదు. ఎదురుగా ఆమె ఇంటి ముందు కారు ఆపే చోట, ఇంకెవరూ ఆక్రమించకుండా ఆమె పెట్టుకునే తెల్ల ప్లాస్టిక్ కుర్చీ, గోడకు వీపు తిప్పి, అలాగే ఉంది.