ఐవార్ శనివారం

శనివారం పొద్దున స్కోప్యే నగర పటంలో పావ్లినా ఉండే వాడ ఎర్రగా కనిపించింది. ఆ రోజు అక్కడ గాలి చెడిపోతుందని అంచనా. అది చూసి బడి ప్రధానోపాధ్యాయురాలు లెపోసావా పిల్లల పరుగుపందెం ఆపించింది.

అంచనా కట్టే ప్రోగ్రాం రాసింది స్వెజ్దానా. దానికి ఆ వాడ సంగతి చెప్పే సెన్సర్ ఆమె పిన్ని పావ్లినా ఇంటి గోడకే ఉంది. చవక డబ్బా, గాలిలో నుసిని లెక్కపెడుతుంది. ఈ నెలలో అంచనా ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మళ్లీ తప్పితే బడివాళ్లు దాన్ని నమ్మరు. డిసెంబరులో పొగ నిజంగా కమ్మినప్పుడు చెప్పినా పిల్లల్ని బయటికి వదిలేస్తారు.

స్వెజ్దానా వెళ్లేసరికి పెరట్లో ఒకటే పొయ్యి. ఐవార్ పచ్చడి కోసం రేకు మీద ఎర్ర బుట్టమిరపకాయలు కాలుతున్నాయి. గాలి తేటగా ఉంది. సెన్సరూ అదే చెబుతోంది.

"మిగతా పొయ్యిలేవి పిన్నీ?"

"ఎవరున్నారే పెట్టడానికి? త్రాయ్చె మొన్న చలికాలంలో పోయాడు. మిత్ర బీటోలాలో కూతురి దగ్గరుంది. పక్కింటివాళ్లు కొట్లో పచ్చడి సీసాలు కొంటున్నారు, సిగ్గులేకుండా."

స్వెజ్దానాకు తప్పు ఎక్కడుందో తెలిసింది. సెప్టెంబరు, వాన లేని శనివారం అంటే ఈ పెరడు పొగతో నిండుతుందని ప్రోగ్రాం పాత ఏళ్లను చూసి నేర్చుకుంది. నేర్చుకున్నది నిజమే. వాడంతా ఇక్కడే పొయ్యిలు పెట్టేది. పచ్చడిలో వెల్లుల్లి వేయాలని త్రాయ్చె, వేస్తే ఇంటికి తీసుకెళ్లనని మిత్ర, ఏటా అదే తగువు. తొక్కలు వలిచి అందరి గోళ్లూ నల్లబడేవి. సోమవారం బడిలో జుట్టు వాసన చూసి ఎవరింట్లో పచ్చడి పెట్టారో చెప్పేసేవారు.

"నీ మాట పోతుందనా ఆ మొహం?" అంది పావ్లినా. "నాలుగు పచ్చి కట్టెలు పడేస్తానుండు. నీ డబ్బా దగ్గి చస్తుంది."

స్వెజ్దానా కట్టెల వైపు చూసింది. తర్వాత లెపోసావాకు ఫోన్ చేసింది.

"అంచనా తప్పండీ. పిల్లల్ని పరిగెత్తనివ్వండి."

"మళ్లీనా? ఈసారి ఏమైందమ్మా?"

"మా పిన్ని పెరట్లో మునుపటంత మంది లేరు. ఆ సంగతి దానికి నేను చెప్పలేదు."

"త్రాయ్చె పొయ్యి పెట్టిన చోటేనా? మా అమ్మా అక్కడే కాల్చేది," అంది లెపోసావా. "సరే. డిసెంబరులో ఎరుపు చూపిస్తే నేనే ఫోన్ చేస్తాను. ఎవరి పొయ్యో అడిగాకే నమ్ముతాను."

"అడగండి. చెబుతాను."

స్వెజ్దానా మెట్టు మీద కూర్చుని ప్రోగ్రాం తెరిచింది. పావ్లినా పట్టకారు పట్టుకునే తొంగి చూసింది.

"పాతవన్నీ చెరిపేస్తున్నావా?"

"లేదు పిన్నీ. ఆ పొయ్యిలన్నీ నిరుటి వరకు మాత్రమే అని రాస్తున్నాను."