జింకల కెమెరాకు మనుషులు కనబడరట

నేను ఒక కెమెరాను. అరచేతి కన్నా కాస్త పెద్దగా, తుమ్మ బెరడు రంగులో ఉంటాను. గుడెకుంటలో ఉశేనమ్మ నా గురించి చెప్పిన మాట ఇది: జింకను చూస్తే కన్ను తెరుస్తానట, మనిషిని చూస్తే సిగ్గుపడి మూసుకుంటానట. ఆ సంగతి ఆమెకు రాయచూరులో ఉండే మరిది చెప్పాడట. మరిదికి ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు. ఉశేనమ్మ చేను నేనున్న చేనుకు పక్కదే కాబట్టి, ఆమెకు తెలియకుండా ఉంటుందా అని ఊరంతా నమ్మింది. నాకూ అభ్యంతరం లేదు. నాకు సిగ్గుందని ఒకరైనా అన్నారు.

నేను పుట్టింది సముద్రం అవతల ఒక కార్ఖానాలో. చేతులకు తొడుగులు వేసుకున్న అమ్మాయిలు నాకు కన్ను అమర్చి, దాని కింద వేడిని పసిగట్టే బుడిపె ఒకటి పెట్టారు. ఒంట్లో వేడి ఉన్నది ఏది నా ముందు కదిలినా ఫొటో తీసి, మూలన తేదీ, గంట వేస్తాను. అంతే నా చదువు. నా తోబుట్టువులు చాలామంది వేటగాళ్ళ దేశాలకు పోయారు. జింక ఏ దారిన వస్తుందో వాళ్ళకు చెప్పి, తర్వాత తుపాకీ చప్పుడు వింటూ ఉంటారు. నేను వచ్చిపడ్డ చోట జింక మీద చెయ్యెత్తితే మనిషి జైలుకు పోతాడు. ఆ సంగతి జింకలకూ ఎలాగో తెలిసిపోయింది.

కృష్ణ ఒడ్డు చెలకల్లో సుంకమ్మకు రెండెకరాల పల్లి చేను. పోయినేడు జింకల మంద దాన్ని మేసిపోయింది. నష్టం రాయమని అడవి శాఖ ఆఫీసుకు వెళితే జంగ్లాత్ సారు తేదీ ఉన్న ఫొటో అడిగాడు. ఆమె ఫోను పట్టుకుని గట్టెక్కేసరికి జింకలు పక్క ఊరి పొలిమేరలో ఉండేవి. మొగుడు పోయాక పదకొండేళ్ళుగా ఒంటి చేత్తో చేసుకుంటున్న చేను అది. ఈసారి కూడా సారు నష్టం రాయకపోతే వచ్చే పంటకారుకు విత్తనం లేదు. చేను కౌలుకిచ్చి, అదే చేనులో కూలికి పోవాలి. అందుకే కెమెరా కోసం రాయచూరు బస్సెక్కింది.

అంగట్లో మేము ముగ్గురం ఉన్నాం. ఒకటి నలభై దీపాలున్న పెద్ద తలకాయది. రెండోది తీసిన ఫొటోను తీసినట్టే ఫోనుకు పంపేది. మూడో దాన్ని నేను, అట్టడుగు అరలో దుమ్ము కొట్టుకుని ఉన్నాను. అంగడాయన పెద్ద తలను ఆపకుండా పొగిడాడు. సుంకమ్మ ఊ కొట్టింది. ముగ్గురినీ బల్ల మీద వరసగా పెట్టించింది. కొంగు నడుముకు దోపి, ఈ గోడ దగ్గర నుంచి ఆ గోడకు జింకలా మూడు దూకులు దూకింది. వయసు యాభై మూడు. ఛార్జరు కొనడానికి వచ్చిన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఛార్జరు సంగతి మరిచిపోయారు.

పెద్ద తల తీసిన ఫొటోలో గోడ మీది క్యాలెండరు మాత్రం బాగా వచ్చింది. రెండోది ఆమెను నిండుగానే పట్టింది గానీ, దానికి సిగ్నల్ కావాలి. తమ చేన్లో ఫోనే పలకదని ఆమె దాన్ని పక్కకు జరిపింది. నా ఫొటోలో ఆమె రెండు కాళ్ళూ నేల విడిచి గాలిలో ఉన్నాయి, కొంగు కూడా. "గిదే ఇయ్యి. జింక మనకోసం ఆగి నిలవడ్తదా?" అంది. అంగడాయనకు తన సరుకు సంగతి ఆ రోజే తెలిసింది.

నన్ను తుమ్మ మొద్దుకు మోకాలెత్తున కట్టింది. మొదటి మూడు రోజులు ముఖం తూర్పుకు ఉండడంతో సూర్యుణ్ణి తప్ప ఏమీ చూడలేకపోయాను. తర్వాత ఉత్తరానికి తిప్పింది. ఇక పాలు పితికే వేళకల్లా జింకలు వచ్చేవి. ముందు మెలికల కొమ్ముల నల్ల పోతు, వెనక ఆడవి. పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు వరసగా నిలబడి చిగుళ్ళు మేసేవి.

మనుషులు కూడా వచ్చారు. చెంబు పట్టుకుని అటు వచ్చేవాళ్ళు మొదట్లో దారి మార్చుకున్నారు. ఉశేనమ్మ మాట చెవిన పడ్డాక నిబ్బరంగా నా ముందు నుంచే నడిచారు. పల్లి చేను పక్కగా పోయే మనిషి రెండు చెట్లు పీక్కుంటే ఇక్కడ దొంగతనం అనరు. అది దారిన పోయేవాడి హక్కు. కాకపోతే దారిన పోవాల్సిన పని లేనివాళ్ళకు కూడా ఆ నెలలో అటే దారి పడింది.

నష్టం రాయడానికి సారు జీపులో వచ్చిన రోజు, సాక్షి సంతకాలు చేస్తామని పాతికమంది తయారయ్యారు. అందరికన్నా ముందు ఉశేనమ్మ నిలబడింది.

"మా ఊరోల్లు ఒక్క కాయ ముట్టరు సార్. మా సుంకమ్మ వదినె నోట్ల మన్ను గొట్టింది జింకలే."

సారు నా కడుపులోని కార్డు తీసి, జీపు ముందు భాగాన లాప్‌టాప్ పెట్టి చూడసాగాడు. జింకలు వచ్చాయి. సుంకమ్మ మొహం తేటపడింది. తర్వాత ఉశేనమ్మ వచ్చింది, ఒడి నిండా పల్లి చెట్లతో. ఆ వెనక ఎరువు సంచితో ఒకాయన. గట్టు మీద తీరిగ్గా కూర్చుని బోసి నోటితో పచ్చి గింజలు చప్పరిస్తున్న ముసలాయన. సాక్షులు ఒక్కొక్కరే తెర మీదికి వస్తుంటే, జీపు చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. దీనికి సిగ్గు లేదని ఉశేనమ్మ నన్ను చూసి గొణిగింది. సుంకమ్మ మాత్రం అసలెవరి వంకా చూడలేదు. చేనులో ఖాళీ పడ్డ సాళ్ళ వంక చూస్తూ నిలబడింది.

సారు కలం మూత పెట్టేశాడు.

"జింకలున్న ఫొటోలు ఇరవయ్యారు. మనుషులున్నయి నూట పద్దెనిమిది. జింకలే తిన్నయని నేనెట్ల రాయాలమ్మా? ఎవరు తిన్నరని రాయాలె?"

అంటూనే అలవాటుగా ఇంకో మీట నొక్కాడు. తెర మీద ఖాకీ ప్యాంటు కనిపించింది. పోయిన నెల సారు చేను చూడడానికి వచ్చిన రోజు అది. సుంకమ్మ ఆయనకు మజ్జిగ తేవడానికి ఇంటికి పోయిన గంట. ఆయన గట్టు మీద వంగి, రుమాలులో పల్లికాయలు మూట కట్టుకుంటున్నాడు. ముఖం స్పష్టంగా ఉంది. మూలన తేదీ కూడా ఉంది.

సుంకమ్మ ఆ ఫొటో చూసింది, ఆయన చేతిలోని కలం చూసింది.

"అందర్ని రాయుండ్రి సార్. మీతోనే మొదలువెట్టుండ్రి."