గడ్డి తాగిన నీళ్లు

ఆ చెంపదెబ్బ నలభై మంది చూశారు. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల, చాపల్లా కొత్తగా పరిచిన లాన్ గడ్డికి నీళ్లు పట్టే పైపు కింద బిందె పెట్టిందని కాంట్రాక్టరు చెయ్యి చేసుకున్నాడు. కూలీల పాకల దగ్గరున్న ఒకే ఒక్క కుళాయిని కట్టేసి, ఆ నీళ్లు గడ్డికి మళ్లించి అప్పటికి ఐదు రోజులు. బంగళాల ముందు గడ్డి కడుపునిండా తాగాలట! పరిచినవాళ్ల గొంతులు పిడచకట్టుకుపోయినా ఫరవాలేదట!

ఆ పిల్ల పెద్దక్క కోడలు. పాకల్లో అందరికీ ఆమె పెద్దక్కే. సాయంత్రం అందరినీ ఒకచోట కూర్చోబెట్టింది.

"రేపు గడ్డి చుట్టల లారీ వస్తుంది. ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. విప్పి పరచకపోతే చుట్టలు లోపల్లోపలే ఉడికిపోయి పసుపెక్కుతాయి. కుళాయి విప్పితేనే దించుదాం."

"మనల్నే పీకేస్తే?" అన్నాడు పొట్టిబావ.

"పీకితే పీకనీ! అతుకు కనపడకుండా పరిచేవాళ్లను అప్పటికప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తాడు?" అని కసిరింది గయ్యాళి పిన్ని.

మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు. అతను పెద్దక్క సొంత తమ్ముడు. తల్లి పోయాక ఎత్తుకు పెంచింది, చేయి పట్టుకుని ఈ పని నేర్పింది ఆమే. "నేనున్నాగా అక్కా" అన్నాడు. ఆమె నమ్మింది.

పొద్దున లారీ వెనకే పోలీసు వ్యాన్ దిగింది. ఎస్సై జేబులోంచి కాగితం తీసి చదివాడు.

"పొట్టిబావ. గయ్యాళి పిన్ని. నత్తి మామ..."

హాజరు పుస్తకంలో ఉండే పేర్లు కావవి. ఆ పిలుపులు ఏనాడూ పాకలు దాటి బయటికి పోలేదు. పెద్దక్క తమ్ముడి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"నీ పేరు రాయలేదక్కా. నీ మీద ఈగ వాలనివ్వను" అని గొణిగాడు.

కోడలికి దెబ్బ తగిలినప్పుడు రాని ఏడుపు పెద్దక్కకు అప్పుడొచ్చింది. ఇంత నమ్మకద్రోహం ఆమె కలలో కూడా ఊహించలేదు.

"వీళ్లను పట్టించి నన్నొక్కదాన్నే మిగిలిస్తే, రేపు వీళ్ల పిల్లల మొహాలు ఎలా చూడాలిరా?" అంది. కళ్లు తుడుచుకుని ఎస్సై వైపు తిరిగింది. "సారూ, మీ కాగితం తప్పు. పని ఆపమంది నేను. ముందు నన్నెక్కించండి."

ఎక్కి కూర్చుంది. ఆ వెనకే పొట్టిబావ, పిన్ని, మామ. కాగితంలో లేనివాళ్లు కూడా వరస కట్టారు.

"దించండ్రా ఎవరైనా!" కాంట్రాక్టరు గొంతు చించుకున్నాడు. ఎండ ముదురుతోంది. ఒక్కో చుట్ట ఎత్తాలంటే ఇద్దరు కావాలి. మేస్త్రీ ఒక్కడే చుట్టను వాటేసుకుని లాగాడు. అది కదల్లేదు. సాయం పట్టమని వరస వైపు చూస్తే ఒక్కరూ తల తిప్పలేదు.

"వ్యాన్‌లో పది మందికే చోటు! మిగతావాళ్లు పొండి!" అని అరిచాడు ఎస్సై.

పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కోడలు ముందుకొచ్చింది.

"ఇంకో మూడు బళ్లు తెప్పించుకోండి సారూ. మేం నలభై మందిమి."