సౌభాగ్యకు మినహాయింపు

బడి నుంచి కూతురు సౌభాగ్య తెచ్చిన కాగితాన్ని తిరుమలరావు రెండుసార్లు చదివాడు. అది హిందీ రాష్ట్రం, కాగితమూ హిందీలోనే ఉంది, అక్షరాలన్నీ తెలిసినవే, విషయం మాత్రం ఒంటబట్టలేదు. బడీ, ఊళ్ళోని డిగ్రీ కాలేజీ కలిసి కొత్త ఏర్పాటు చేసుకున్నాయట. పదకొండో తరగతిలో మార్కులు తగ్గిన ఇరవైమందిని మార్చి దాకా ప్రతి శనివారం కాలేజీకి తీసుకెళతారు. అక్కడి లెక్చరర్లు, పెద్ద విద్యార్థులు పక్కన కూర్చోబెట్టుకుని చెబుతారు. తండ్రి సంతకం శుక్రవారంలోగా అందాలి.

"బడి పాఠాలే బుర్రకెక్కనోళ్ళని కాలేజీకి పంపడవేటి?" అన్నాడు భార్యతో.

నీలవేణికీ బోధపడలేదు. "ఏమో మరి. మంచికే అయ్యుంటాది," అంది పప్పు తాలింపు పెడుతూ.

మంచికి ఎవరైనా కాగితం పంపుతారా? ఇరవై రెండేళ్ళుగా రైల్వే షెడ్‌లో ఇంజన్లు బాగుచేస్తున్న మనిషికి ఆ అనుమానం రావడంలో వింత లేదు. అక్కడ పని చెడగొట్టినవాడికి ముందు మెమో, వెనకే మళ్ళీ ట్రైనింగ్. పోయిన ఏడాది తనూ అలాగే వెళ్ళాడు. పదిహేను రోజులు కుర్రాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుని, వచ్చిన పనే మళ్ళీ నేర్చుకుని, తిరిగొచ్చాక టీ కొట్టు దగ్గర నెలరోజులు నవ్వులపాలయ్యాడు. ఇప్పుడు ఆ బెంచీ మీద సౌభాగ్య కనిపించింది. తన తలవంపులు చాలవన్నట్టు పిల్లకి కూడానా?

కాగితం పట్టుకుని నేరుగా శంకరరావు క్వార్టర్‌కి నడిచాడు. శంకరరావు రిటైరైన హెడ్ క్లర్కు. ఛార్జిషీట్లకు జవాబులు రాసిపెట్టడంలో కాలనీ మొత్తానికి ఆయనే దిక్కు.

"సంతకం పెట్టీసావేటి?" అన్నాడాయన కళ్ళజోడు సవరించుకుంటూ.

"లేదు బాబాయ్."

"అచ్ఛా, బతికించావు. ఇంక నాకొదిలీ."

ఇద్దరూ కలిసి రెండు పేజీలు నింపారు. పరీక్షల వారంలో పిల్లకు జ్వరం. పాత లెక్కల మేష్టారు దసరాకు ముందే బదిలీ అయిపోయారు. కొత్త మేడమ్ కర్గీ రోడ్ స్టేషన్ నుంచి రైల్లో వచ్చేసరికి మొదటి పీరియడు సగం గడిచిపోతుంది. కావున మార్కులు తగ్గడంలో పిల్ల దోషమేమీ లేదు. గతంలో ఆమెపై ఏ ఫిర్యాదూ లేదు. ఈ చర్య నుంచి మినహాయింపు ఇప్పించవలెనని ప్రార్థన. గురువారం డ్యూటీకి వెళుతూ తిరుమలరావు దాన్ని బడి ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర కూడా వేయించుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం బడి గుమాస్తా చిన్న చీటీ చేతికిచ్చాడు. విన్నపం మంజూరైంది, సౌభాగ్య పేరు తీసేసి తర్వాతి విద్యార్థికి అవకాశం ఇచ్చాం అని ఉంది. 'అవకాశం' దగ్గర తిరుమలరావు కాస్త తడబడ్డాడు. అయినా సర్వీసు మొత్తంలో తన జవాబు ఒక్కటంటే ఒక్కటి నెగ్గలేదు, ఇది నెగ్గింది. జిలేబీ పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చాడు.

సౌభాగ్య కొత్త నోటుబుక్కుకి అట్ట వేసుకుంటోంది.

"కేసు గెలిచామే! రేపు నువ్వు ఎక్కడికీ ఎల్లక్కర్లేదు."

ఆ పిల్ల చీటీ చదివింది. ముఖం పాలిపోయింది. "నాన్నా, నన్నెవరూ లిస్టులో వెయ్యలేదు. ఎవరెల్తారని మేడమ్ అడిగితే ఖుద్ నేనే చెయ్యెత్తాను."

"క్లాసులో? అందరి ముందూనా?"

"ఆఁ."

"నవ్వలేదేటి?"

"నవ్వారు. ఐనా దించలేదు."

తిరుమలరావు జిలేబీ పొట్లం బల్ల మీద పెట్టేశాడు. ఆ నవ్వులు పిల్లకు తగలకూడదనే కదా రెండు పేజీలు రాయించింది! అవి తగిలినా తట్టుకున్న పిల్లను తనే వెనక్కి లాగాడా? జిలేబీ ఎవరూ ముట్టలేదు.

మళ్ళీ శంకరరావు దగ్గరికే పరుగెత్తాడు. "ఈ కేసు ఓడిపోవాలి బాబాయ్. ఏటి రాయాలి?"

ఆయన పెన్ను తీశాడు, కాసేపు చూసి మూసేశాడు. "ముప్పయ్యారేళ్ళలో ఇలా అడిగినోణ్ణి చూళ్ళేదురా. ఇది నాకు రాదు."

శనివారం పొద్దున్నే తండ్రీకూతుళ్ళు బడి గేటు దగ్గర నిలబడ్డారు. కాలేజీ బస్సు సిద్ధంగా ఉంది. తన రైలు ఆలస్యాల గురించి రెండు పేజీలూ చదివిన మేడమ్ తిరుమలరావును ఎగాదిగా చూసింది. పందొమ్మిది మంది వచ్చారు, ఆ ఇరవయ్యో పిల్ల రాకపోతే చూద్దాం అంది.

తిరుమలరావు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరి బిడ్డో తెలియని ఆ పిల్ల రాకూడదని కోరుకోవడం న్యాయమా? వస్తే తన కూతురి గతేమిటి? ఏమని మొక్కుకోవాలో తేలలేదు.

"అదిగో నాన్నా, వచ్చేస్తోంది," అంది సౌభాగ్య.

సంచి ఎగరేసుకుంటూ వచ్చిన పిల్ల బస్సెక్కి మిగిలిన ఒక్క సీట్లో కూర్చుంది. మేడమ్ జాలిగా తల అడ్డంగా ఊపింది. తిరుమలరావు చేతులు జోడించబోయాడు.

"నించుని వస్తాను మేడమ్," అంది సౌభాగ్య, అప్పటికే మెట్టు మీద కాలు పెట్టి.

మేడమ్ తేరుకునేలోపే లోపలికి వెళ్ళి పైనున్న కడ్డీ పట్టుకుంది. బస్సు కదిలింది. గెలిచాడో ఓడిపోయాడో ఇప్పటికీ అర్థంకాని తిరుమలరావు, గేటు దగ్గర ఒక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.