చొక్కా చేతుల అంచు

ఆమెకు అన్నిటికన్నా భయం, అక్క నోట ‘నేను బాగున్నానే’ అన్న మాట వినడం. మాత్రలు ఆగిపోయిన మూడో వారానికల్లా అక్క ఆ మాట మొదలుపెడుతుంది. పాలసీసా కడుగుతున్న ఆమెకు అదే చెవుల్లో తిరుగుతోంది. నిన్న జైలు ములాఖత్ గదిలో, ఇనుప వలకు అవతల నిలబడి, అక్క అచ్చం అలాగే అంది.

“నేను బాగున్నానే. బుజ్జిదానికి పళ్ళొచ్చాయా?”

“రెండొచ్చాయి. ముందు నీ సంగతి చెప్పు. మాత్రలిస్తున్నారా?”

“నాకెందుకే మాత్రలు? ఇక్కడ మీ బావ లేడుగా, అంతకన్నా మందేముంది!”

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె అక్క చేతుల వైపు చూసింది. అక్క బట్టలు కుట్టి బతికిన మనిషి. మనసు కుదురుగా ఉన్న రోజుల్లో ఎవరి బట్టల్లో కుట్టు ఊడినా చూసి ఊరుకోలేదు, నిలబెట్టి కుట్టేస్తుంది. మనసు చెదిరితే మాత్రం తన బట్టల కుట్లే గోటితో ఒక్కొక్కటీ పీకేసుకుంటుంది. నిన్న, జైలువాళ్ళిచ్చిన చొక్కాకు రెండు చేతుల అంచులూ ఊడి వేలాడుతున్నాయి.

ఎప్పటిలాగే కొట్టబోయిన భర్తను అక్క ఈసారి తోసేసింది. అతను మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళు తిన్న దెబ్బలకు లేని కేసు ఒక్క తోపుకు వచ్చింది. నెల దాటింది.

బయటికొస్తూ ఆమె వార్డరమ్మను పట్టుకుని మాత్రల సంగతి అడిగింది. ఆవిడ ఫైలు తెచ్చి తిప్పి చూపించింది.

“ఏ జబ్బూ లేదని ఉంది తల్లీ. లోపలికి తెచ్చిన రోజు ఇంటివాళ్ళు రాసిచ్చిందే. ఈ సంతకం నీదేగా?”

తనదే. రాసింది మాత్రం తన భర్త. ‘మనసు జబ్బని రాస్తే రేపు మన పిల్లనీ అదే కళ్ళతో చూస్తారు. సంతకం పెట్టు.’ ఎనిమిదో తరగతితో బడి మానిపించినప్పటి నుంచి ఏ కాగితమైనా ఎవరో రాయడం, కింద ఆమె సంతకం పెట్టడం. ‘నీ రాత చీమలు పాకినట్టుంటుంది’ అని ఆయన నవ్వితే తనూ నవ్వేది. ఆ రోజు పిల్లకు జ్వరం, తొందరగా ఇల్లు చేరాలి. పెట్టేసింది.

“రేపు డాక్టరమ్మ వస్తారు, రాసి తెచ్చివ్వు. నోటిమాటను ఫైల్లో పెట్టలేం కదా,” అంది వార్డరమ్మ.

సీసా బోర్లించి ఆమె పిల్లను ఒళ్ళో వేసుకుంది. ఈ పిల్ల పుట్టిన కొత్తలో, అది గుక్కపట్టి ఏడుస్తున్నా తను గోడకేసి చూస్తూ కూర్చునేది. ‘పని తప్పించుకునే ఎత్తు’ అంది అత్తగారు. ‘నువ్వొక్కదానివే కన్నావా?’ అన్నాడు ఆయన. ఎవరడిగినా తను బాగున్నాననే చెప్పేది. అక్క ఆ ప్రశ్న అడగనే లేదు. పక్కన కూర్చుని, చిక్కులు తీసి తల దువ్వింది. తలగడ మీద చెయ్యి పెట్టి చూసింది. తడిగా ఉంది. ‘లేవవే, పద’ అని పిల్లను తనే ఎత్తుకుని డాక్టరు దగ్గరికి నడిపించింది.

ఆమె పెన్ను తీసింది.

“మళ్ళీ అక్కడికేనా? పాలు తాగే పిల్లతో ఆ జైలు చుట్టూ ప్రదక్షిణలేంటి? వంటెవరు చేస్తారు?”

“వండి మూత పెట్టానత్తయ్యా.”

భర్త చెయ్యి చాపాడు. “ఇటివ్వు, నేను రాస్తా. నాలుగు ముక్కలు రాసినా మర్యాదగా ఉండాలి.”

“వద్దండీ. మొన్న మీరు రాసింది మర్యాదగానే ఉంది.”

పిల్ల కాగితాన్ని లాగుతోంటే ఒక చేత్తో ఆపుతూ, రెండో చేత్తో ఆమె చీమల్ని పాకించింది:

‘డాక్టరమ్మగారికి. మా అక్కకు ఏ జబ్బూ లేదని సంతకం పెట్టింది నేనే. అది అబద్ధం. ఆరేళ్ళుగా మందులు వాడుతోంది, పాత చీటీ జత చేశాను. కాన్పయ్యాక నేనూ అలాంటి మందులే మింగాను. నన్ను అప్పుడు కనిపెట్టింది అక్క ఒక్కతే. మీరడిగితే బాగున్నానంటుంది, నవ్విస్తుంది కూడా. నవ్వు చూసి వెళ్ళిపోకండి. చొక్కా చేతుల అంచు చూడండి. నన్ను లోపలికి రానివ్వరు. నా బదులు మీరొక్కసారి వెళ్ళి, కాసేపు పక్కన కూర్చుని, మా అక్కను చూడండమ్మా.’