విత్తనాల కుండ

వరద వచ్చి మూడు నెలలైంది. ఫలోంబే పట్నం వెళ్లే దారి ఇంకా నీళ్లలోనే ఉంది. కోళ్లు, మేకలు, చిక్కుడు చేలు కొట్టుకుపోయాయి. గాదెలో మిగిలిన మొక్కజొన్నతో రెండు పూటలా న్సిమా ముద్ద, నంజుకోడానికి ఉప్పునీళ్లు.

నా భార్య ఎనెలెసి మెడ చుట్టూ హారం వేసినట్టు చర్మం నల్లబడి పగిలింది. విరేచనాలు ఆగడం లేదు. నిన్నటి నుంచి నన్ను చూసి, "ఎవరి తాలూకు మీరు?" అంటోంది.

కూతురు నీరసించేకొద్దీ మా అత్త నఫిరి మొక్కజొన్నను మరింత దంచి, తవుడు చెరిగి, మూడు రోజులు నానబెట్టి పిండి తీసేది. మావైపు తెల్లటి ముద్ద పెట్టడమే ప్రేమ.

దోనెలో వచ్చిన ఆరోగ్య కార్యకర్త బిజ్విక్ ఎనెలెసి మెడ, చేతులు చూశాడు.

"ఎవరో చేతబడి చేశారు నాయనా," అంది అత్త.

"చేసింది నీ రోలే పెద్దమ్మా. తిండి కట్టెల్లాంటిది. దాన్ని అంటించే పుల్ల ఒక విటమిన్‌తో ఒంట్లో తయారవ్వాలి. మొక్కజొన్నలో అది ఉన్నదే తక్కువ, ఉన్నదీ ఒంటికి పట్టదు. ఆ కాస్తా నువ్వు చెరిగి పారబోశావు."

"మాత్రలున్నాయా?" అన్నాను.

"అయిపోయాయి. తేవడానికి రెండు వారాలు. అందాకా వేరుశనగ పెట్టండి. ఆలస్యమైతే మనిషి దక్కదు."

వేరుశనగ ఉంది. మూతికి మట్టి మెత్తి దూలానికి వేలాడదీసిన ఒకే ఒక కుండ, విత్తనానికి దాచింది. అది అత్తది. నేను ఇల్లరికపు అల్లుణ్ని. దాన్ని ముట్టుకునే హక్కు నాకు లేదు.

బిజ్విక్ వెళ్లాక అన్నాను: "అత్తమ్మా, కుండ దించు."

"దించితే వచ్చే వానలకు ఏం విత్తుతావు అల్లుడూ, నీ బైబిలా?"

చుట్టూ నీళ్లు, తలపైన దూలానికి ఆ కుండ. మోకరించాను. కంకిని అంత నిండుగా చేసిన దేవుడు, ఆ చిటికెడు వస్తువును వేరే కాయలో ఎందుకు దాచాడని అడిగాను. అలా అడగడం తప్పయితే క్షమించమన్నాను.

అత్త ముద్ద తీసుకుని కూతురి పక్కన కూర్చుంది. ఎనెలెసి ఆమెను కాసేపు చూసింది.

"మా అమ్మ పొలం వెళ్లిందండీ. మీరు తర్వాత రండి."

అత్త చెయ్యి ఆగిపోయింది. లేచి కుండ దించింది. రోకలితో మట్టి పగలగొట్టి, నాలుగు కాయలు ఒలిచి కూతురి అరచేతిలో పోసింది.

ఎనెలెసి నేల మీద మడమతో గుంట చేసి, ఒక గింజ వేసి కప్పింది.

అత్త దాన్ని గోటితో తవ్వి తీసి, కట్టుకున్న గుడ్డకు తుడిచి, కూతురి నోట్లో పెట్టింది.

"నమలు తల్లీ. విత్తడం తర్వాత చూసుకుందాం."

గుమ్మం బయట నీళ్లు నిన్నటి గీత దగ్గరే ఉన్నాయి.